గయానా లక్ష్మి

కెనడాలో, హాలిఫాక్స్ ఫెర్రీలో నా పక్కన కూర్చున్న అమ్మాయిని చూసి తెలుగమ్మాయే అనుకుని, "మీదే ఊరమ్మా?" అని అడిగేశాను. ఆమె నవ్వి, తెలుగు రాదని ఇంగ్లీషులో చెప్పింది. పేరు లక్ష్మి, దేశం గయానా. దక్షిణ అమెరికాలోని ఆ చిన్న దేశానికి ఆమె ముత్తాతల్ని చెరకు తోటల్లో కూలికోసం మన దగ్గర్నుంచే ఓడల్లో తీసుకెళ్ళారట.

ఇప్పుడక్కడ సముద్రం అడుగున చమురు బయటపడింది. తీసేది విదేశీ కంపెనీలు.

"ఎంత తీశారో వాళ్ళే కొలిచి చెప్తారు. సరిచూసేవాళ్ళు మాలో తక్కువ. అది నేర్చుకోవడానికే వచ్చాను" అంది.

చదువు అయిపోయింది. ఇక్కడే మంచి ఉద్యోగం వచ్చినా వద్దనుకుందట.

"ఇక్కడే స్థిరపడిపోవడానికి పీఆర్ కూడా వచ్చేది కదమ్మా!" అన్నాను. మనవాళ్ళకి ముందు తోచేది అదే.

"వచ్చేది అంకుల్. కానీ చెరకు నరికింది మావాళ్ళు, బాగుపడింది వేరేవాళ్ళు. చమురు కూడా అలా పోకూడదు."

గయానాలోనూ పెద్దవాళ్ళని అంకుల్ అనే పిలుస్తారట.

"ఒక్కదానివి ఏం చేయగలవు?"

ఆమె కిటికీ దగ్గర ఫొటోలు దిగుతున్న నలుగుర్ని చూపించింది.

"మా క్లాస్‌మేట్స్, వాళ్ళూ గయానావాళ్ళే. వచ్చేవారం అందరం ఒకే ఫ్లైట్‌లో ఇంటికి వెళ్తున్నాం."