నోరు రాని మాట

మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా ఆమె, టీచరుగా నేను, పద్నాలుగేళ్లు ఒకే గదిలో పనిచేశాం. ఆమెది మాదిగపల్లె. నాది ఊళ్లో సేద్యం చేసుకునే ఇల్లు. నాకంటే మూడేళ్లు చిన్నది, అక్కా అని పిలిచేది. పిల్లలకు అన్నం కలిపి పెట్టేదీ, ముక్కులు తుడిచేదీ ఆమే. రిజిస్టర్లు రాసి, పైఅధికారులు వచ్చినప్పుడు ముందు నిలబడి నవ్వేది నేను. ఆ తేడా నాకు అప్పట్లో తోచనే లేదు.

తర్లుపాడు మండలంలో మా ఊరికి ఎండాకాలం వస్తే ట్యాంకరే దిక్కు. ఆ రోజు అది బాగా పొద్దెక్కి వచ్చింది. ఆయా తన వంతు వచ్చాకే పోయి బిందె పెట్టింది. వరుసకు నాకు మరిది అయ్యేవాడొకడు వెనకనుంచి వచ్చి, ఆ బిందెను కాలితో తన్ని, కులం పేరు కలిపి ఒక మాట అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా విన్నారు. నేను సరిగ్గా ఆమె వెనకాలే ఉన్నాను. నాకంటే బాగా విన్నవాళ్లు ఎవరూ లేరు.

అట్లాంటి మాటలు ఆమె అంతకుముందు పడలేదని కాదు. ఆ రోజు మాత్రం ఊరుకోలేదు. తడిసిన చీరతోనే ఆటో ఎక్కి పోలీసు స్టేషనుకు పోయింది. మర్నాడు పిల్లలు పడుకున్నాక నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"అక్కా, సాక్షి కావాలంట. మా పల్లె వాళ్లు చెప్తే మీరు మీరు ఒకటే గదా అంటారంట. నువ్వు చెప్తావా?"

"చెప్తా. నా చెవులతో విన్నాను గదా" అన్నాను.

ఇంట్లో మా ఆయన మండిపడ్డాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ట్యాంకరు కాడ ఇట్లాంటివి మామూలే. మధ్యలో నీకేంది?" అన్నాడు. నేను వినలేదు. నిజం చెప్పొద్దూ, లోలోపల గొప్పగా ఉండింది. ఊళ్లో ఎవరికీ లేని ధైర్యం నాకుందని మురిసిపోయాను. బుద్ధిలేనిదాన్ని.

ఇట్లాంటి కేసులో తిట్టాడంటే చాలదని నాకు అప్పుడే తెలిసింది. ఏ మాట అన్నాడో ఆ మాటే, అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. స్టేషన్లో రాసుకునే ఆయన, "ఏమన్నాడు? అదే మాట చెప్పు" అన్నాడట. చెప్పింది. విచారణకు వచ్చిన పెద్ద ఆఫీసరు మా అంగన్‌వాడీ వరండాలోనే కూర్చుని మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది, చీర కొంగు పిడికిట్లో గట్టిగా పట్టుకుని. ప్రభుత్వం తరఫు వకీలు ఇంకోసారి చెప్పించుకున్నాడు. తిట్టినవాడు ఒక్కసారి అని ఇంటికి పోయాడు. పడిన మనిషి పోయిన చోటల్లా తన నోటితో తానే ఆ మాట అనుకోవలసి వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు పెద్ద ఆఫీసరు, "ఆమె చెప్పిన మాటేనామ్మా?" అన్నాడు. "అవును సార్" అన్నాను. ఆయనే రాసుకున్నాడు.

ఒకనాడు గుడ్లు ఉడకబెడుతూ ఆయా అంది, "వాడు జైలుకు పోవాలని నాకేం లేదక్కా. అన్నాడు అని కోర్టు కాగితంలో రాస్తే చాలు. లేకుంటే నేను లేనిది కల్పించినట్టు అవుతాది. ఈ ఊర్లో ఎట్ల బతకాల?"

మూడేళ్లకు వాయిదా వచ్చింది. పొద్దున్నే మార్కాపురంలో బస్సెక్కి, పొదిలి మీదుగా జిల్లా కోర్టుకు పోయాం, ఆమె, నేను పక్కపక్కనే కూర్చుని. ముందు ఆమెను లోపలికి పిలిచారు. అరగంట తరువాత నన్ను. నేను బోనెక్కేసరికి ఆమె మూల బెంచీ మీద ఉంది. మరిది చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ప్రభుత్వ వకీలు ట్యాంకరు సంగతి, బిందె సంగతి అడిగాడు. గడగడా చెప్పాను. తరువాత, "ఏమని తిట్టాడు?" అన్నాడు.

"చెడ్డ మాట సార్."

"ఏ మాట?"

"నోటితో అనరాని మాట సార్."

జడ్జిగారు నెమ్మదిగానే చెప్పారు. "సిగ్గుపడొద్దమ్మా. అతను అన్నదేదో అదే చెప్పాలి." నేను ఆమె వైపు చూశాను. ఆమె నా నోటివైపే చూస్తోంది. గొంతు ఎండిపోయింది. నోరు రాలేదు. జడ్జిగారు ఇంకోసారి అడిగి, ఊరుకున్నారు. మరిది తరఫు వకీలు లేచి, "కులం పేరు పెట్టి అన్నట్టు మీరు చెప్పలేకపోతున్నారు, అంతేనా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు.

తిరుగు బస్సులో పొదిలి దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. నేనే కదిలించాను. "నీ ఎదుట అంత మాట ఎట్లా అనేదమ్మా? నాకు నోరు రాలేదు" అన్నాను.

"స్టేషన్లో చెప్పినా. ఆఫీసరుకు చెప్పినా. వకీలుకు చెప్పినా. ఈ పొద్దు జడ్జి ముందర, వాడి ముందర చెప్పినా. నన్ను నేను అన్నిసార్లు అనుకున్నా గదక్కా. నీకు ఒక్కసారి నోరు రాలేదా?" అంది.

గొంతు పెంచలేదు. ఏడవలేదు. నేనే ఏడ్చాను, సిగ్గులేకుండా.

కేసు కొట్టేశారు. నీళ్ల వంతు దగ్గర గొడవ మనసులో పెట్టుకుని వేసిన కేసనీ, కులం పేరుతో దూషించినట్టు రుజువు కాలేదనీ తీర్పు. కోర్టు కాగితంలో చివరికి అట్లా రాశారు. మర్నాడు తొమ్మిదింటికి ఆయా ఎప్పటిలాగే వచ్చి గది ఊడ్చింది, పిల్లలకు అన్నం కలిపి పెట్టింది. గుడ్లు ఎన్నున్నాయి, పప్పు అయిపోయింది, అంతవరకే మాట్లాడింది. ట్యాంకరు దగ్గరికి మళ్లీ రాలేదు. ఊరవతల ఎవరిదో చేలో బోరు దగ్గర బిందె నింపుకుని, ఎండలో నెత్తిన పెట్టుకుని నడిచిపోతోంది.

ఆ వారంలోనే మరిది మా ఇంటికి వచ్చాడు. మా ఆయన కుర్చీ వేశాడు. "వదినా, నువ్వు మా మనిషివి అనిపించుకున్నావు. నీ మేలు మర్చిపోను" అన్నాడు. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. ఛీ, లేచి పో అనాలి గదా. అనలేదు. వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

ఆమె మీది ప్రేమతోనే అనలేకపోయానని అంతదాకా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పొయ్యి ముందు నిలబడి, ఆ మాట ఒక్కసారి అని చూశాను. తడబడలేదు. గొంతు ఎండలేదు. నా చిన్నప్పుడు మా నాయన వాకిట్లో నిలబడి మాదిగపల్లె వాళ్లను పనికి కేకేసేటప్పుడు ఎట్లా అనేవాడో, అచ్చం అట్లాగే వచ్చింది.