బ్యాగులో ఉండిపోయిన రెండో కాగితం

ఇన్సూరెన్స్ కంపెనీలో ఇరవై రెండేళ్లు లెక్కలు చేసిన నేను, 2007 సెప్టెంబరులో అమెరికా మధ్యపశ్చిమాన ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టులో గణాంక విశ్లేషకుడిగా చేరాను. హోదాలో అందరికన్నా కింద. మీటింగుల్లో ప్రొజెక్టర్ పక్క కుర్చీ నాది. అడిగితేనే నోరు విప్పాలి. ఏడాదిన్నరపాటు ఎవరూ అడగలేదు.

2009 ఫిబ్రవరిలో అడిగారు. ట్రేడ్‌కి, అంటే మన ఆటగాణ్ణి వేరే జట్టుకిచ్చి బదులుగా ఇంకొకరిని తెచ్చుకోవడానికి, గడువు రెండు రోజుల్లో ముగుస్తుంది. చర్చ లెస్టర్ గురించి. అతను స్టార్ కాదు. బెంచీ మీంచి లేచి, కాసేపు ఆడి, మళ్లీ బెంచీ మీద కూర్చునేవాడు. అయినా అతను కోర్టులోకి దిగడానికి వార్మప్ చొక్కా విప్పితే చాలు, స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టేది. భార్యకు ఏడో నెల. ఆ ఊళ్లోనే ఇల్లు కొనుక్కుని, ఇక్కడే రిటైరవుతానని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

మా జనరల్ మేనేజర్‌ది ఒక పద్ధతి. ఏ విషయమైనా ఒకే కాగితం మీద ఉండాలి, రెండోది చదవడు. నేను రెండు తయారుచేశాను. మొదటిదాంట్లో ప్లస్-మైనస్ ఉంది: ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ముందుకెళ్లింది, ఎన్ని వెనకబడింది అన్న లెక్క. అందులో లెస్టర్‌ది అందరికన్నా అధ్వాన్నం. రెండోదాంట్లో కారణం ఉంది. స్టార్లు విశ్రాంతి తీసుకునేటప్పుడల్లా కోచ్ అనుభవం లేని కొత్త ఆటగాళ్లకు తోడుగా లెస్టర్‌ని దింపేవాడు. అతను లేకుండా వాళ్లే ఆడితే జట్టు ఇంకా ఘోరంగా వెనకబడేది.

మేనేజర్ మనసు ట్రేడ్ మీదే ఉందని గదిలోకి వెళ్లగానే అర్థమైంది. ఇన్నాళ్లకు అడుగుతున్నారు, అడ్డు చెబితే మళ్లీ అడగరేమోనని నా భయం. రెండో కాగితం బ్యాగులోంచి తీయలేదు. ముసలి అసిస్టెంట్ కోచ్ ఒక్కడే వద్దన్నాడు. ఎవరెక్కడ నిలబడాలో అరిచి చెప్పేది లెస్టరేనని, ఆ అరుపు ఏ లెక్కలోకీ రాదని వాదించాడు. మేనేజర్ నా వైపు తిరిగాడు. అంకెలు ట్రేడ్ చేయమనే చెబుతున్నాయన్నాను. పైగా ముసలాయన వైపు చూసి చిన్నగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. గంగిరెద్దులా తల ఊపడానికి అంత చదువెందుకు?

మర్నాడు వార్త టీవీలో వచ్చింది. "అదేంటండీ, లెస్టర్‌ని ట్రేడ్ చేసేశారట! మీటింగ్‌లో మీరున్నారుగా, ఒక్క మాట చెప్పలేకపోయారా?" అని మా ఆవిడ నిలదీసింది.

సామాన్లు సర్దుకోవడానికి వచ్చిన లెస్టర్, ఆఫీసులో ఒక్కొక్కరికీ చేయి కలుపుతూ నా బల్ల దగ్గర ఆగాడు. కాన్పయ్యేదాకా భార్య ఇక్కడే ఉంటుందట, తనేమో ఆ రోజే వెళ్లాలట.

"ప్రొఫెసర్, నా ఆటలో తప్పెక్కడుందో చెప్పండి. అక్కడికెళ్లి దిద్దుకుంటాను" అన్నాడు. లెక్కలవాణ్ణని నన్ను అలాగే పిలిచేవాడు.

మొదటి కాగితం చేతికిచ్చాను. జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని థాంక్స్ చెప్పాడు. రెండోది నా కాళ్ల దగ్గర బ్యాగులోనే ఉంది.

2014లో రిటైరయ్యేదాకా, ఎవరి అంకె ఇచ్చినా వాళ్లు ఎవరితో కలిసి ఆడారో అదే కాగితం మీద రాసి ఇచ్చాను. అంకె తప్పు కాకపోయినా, అది ఇచ్చినవాడు అబద్ధమాడవచ్చని నేర్చుకున్నాను. ఆ పాఠం కోసం ఊరు విడిచి వెళ్లింది మాత్రం లెస్టర్.