నోటుబుక్కులోకి ఎక్కని లడ్డు

ఎనభైల్లో తిరుపతిలో ఒక్క పూటలో పన్నెండు కొండ లడ్లు తిన్న మనిషిని నేను. సరే, పన్నెండు కాదు, నాలుగు. ఆ నాలుగోదీ సగంలో మా ఆవిడ లాక్కుంది.

ఒంట్లో చక్కెర ఉందని తేలిన ఏడాది కాలి వేలి మీద పుండు లేచి ఎంతకీ ఆరలేదు. ఇలాంటి పుండుతోనే మా మామగారికి కాలు తీసేశారు. మా ఆవిడ రోజూ నా వేలు చూసి లేచి వెళ్లేది.

డాక్టరమ్మ తిట్టలేదు. ఓ నోటుబుక్కు ఇచ్చి, "ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, తినే ముందు మనసులో ఏముండింది, మూడూ రాయండి" అంది.

నెలపాటు శ్రద్ధగా రాశాను. రాగి సంగటి, ఆకుకూర, మజ్జిగ. పుండు మాత్రం అలాగే ఉంది. డాక్టరమ్మ పుస్తకం తిరగేస్తుంటే పక్కనున్న మా ఆవిడ అడిగింది.

"లడ్లు యాడ రాసినారు?"

"ప్రసాదం తిండెట్లా అవుతుందే? సంగటి పక్కన రాస్తే పాపం!"

"పుణ్యం మీకు, దిగులు నాకా? బాగుండాది!"

దర్శనానికొచ్చి మా ఇంట్లో దిగే చుట్టాలు పోతూ పోతూ లడ్డు పెట్టి పోయేవారు. స్వామి ప్రసాదం వద్దనడం ఎలా?

"మానమనలేదు, రాయమంటా ఉండాను" అంది డాక్టరమ్మ.

రాశాను. వారం తిరిగాక చదువుకుంటే సిగ్గేసింది. లడ్లన్నీ సాయంత్రం అయిదు దాటాకే. ఆ వేళకు మా ఆవిడ తిరుచానూరు అమ్మవారి గుడికి పూలు కట్టడానికి వెళ్లేది. 'మనసులో' అన్నచోట మొదట 'ఆకలి' అని రాసి కొట్టేశాను. కింద 'ఇల్లు బోసిగా ఉంది' అని రాశాను.

ఆవిడ అది చదివి కాసేపు పుస్తకం మూయలేదు.

"రేపట్నించి నాతో రాండి. చేతులు పూలల్లో ఉంటే నోటికాడికి పోవు."

వారంలో బారెడు దండ కట్టానని మనవళ్లకు చెబుతుంటాను. నేను కట్టినదంతా ఆవిడ విప్పి మళ్లీ కట్టేది. ఎవరైనా ప్రసాదం పెడితే కళ్లకద్దుకుని, చిటికెడు నోట్లో వేసుకుని, తక్కింది చుట్టూ పంచడం మాత్రం నిజంగానే నేర్చుకున్నాను.

మూడు వారాల్లో పుండు ఆరింది. అదీ అబద్ధమే, నాలుగు నెలలు పట్టింది. ఆరాక కూడా సాయంత్రం బయలుదేరే ముందు ఆవిడ ఓసారి కిందికి చూసేది. అడక్కుండానే నేను చెప్పు విడిచి కాలు ముందుకు పెట్టేవాణ్ణి.