ఇస్సాత్ బండి కూత

ఇస్సాత్ కొత్త చక్రం మీద ఎక్కి ఎరగడు. యాభై ఏళ్ళుగా లాప్లాండు కొండల్లో మోటారు మంచుబండి నడుపుతున్నాడు. బండి కింద తిరిగే రబ్బరు పట్టాను మోసే చిన్న చక్రాలు మాత్రం ఎప్పుడు చూసినా రబ్బరు ఊడి, బేరింగులు పట్టేసి, కీచుమంటూనే ఉంటాయి.

ఆ కూత అంతా ఇంతా కాదు. అది కొండ అవతల ఉండగానే ఊళ్ళో కాఫీ పొయ్యి మీదికి ఎక్కేది. కాకులు పక్క ఊరికి వలస పోయాయి. చర్చిలో పాదిరి గారు ప్రసంగం ఆపి, "ఇస్సాత్‌ని వెళ్ళనివ్వండి, తర్వాత పాపాల సంగతి చూద్దాం" అనేవారు.

పోనీ పిసినారా అంటే కాదు. ఏటా తొలి మంచు పడగానే ఆరు కొత్త చక్రాలు కొంటాడు. వాసన చూస్తాడు, ముద్దు చేస్తాడు, వారం రోజులు పొయ్యి పైన అరలో పెట్టుకుని మురుస్తాడు. తర్వాత అవి మాయమవుతాయి. బండి మాత్రం ఏడుస్తూనే ఉంటుంది.

"ఏమయ్యా, చక్రాలు వేశావా?" అని అడుగుతుంది భార్య రావ్నా.

"వేశాను."

"మరి ఆ గోలేమిటి?"

"కొత్తవి కదా, సిగ్గుపడుతున్నాయి."

మరుసటి ఏడు అడిగితే చలి అన్నాడు. ఆ పై ఏడు, "అది పాట రావ్నా, నీకే చెవి లేదు" అన్నాడు. రావ్నా గరిట విసిరింది. ఆ రోజు ఆమె గురి బాగానే ఉంది.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. ఎవరింటికి కాఫీకి వెళ్ళినా అక్కడి అలవాటు ప్రకారం జున్నుముక్కలు వేసుకుని ఆరు కప్పులు తాగుతాడు, ఏడో కప్పు ముందు "వాతావరణం చూసొస్తా" అని పెరట్లోకి పోతాడు. అరగంటకు గానీ రాడు. వచ్చేసరికి చేతులు మసి.

"వాతావరణం ఎలా ఉందన్నయ్యా?" అని ఒంటరిగా ఉండే ఎల్లె అడిగితే, "బాగా నల్లగా ఉందమ్మా" అనేవాడు.

కిందటేడు మంద తోలేటప్పుడు వ్యవహారం ముదిరింది. రెండు వేల రెయిన్‌డీర్లు దొడ్డి వాకిట్లోకి వచ్చాక ఇస్సాత్ బండి ఒక్క కూత కూసింది. అంతే, మంద మొత్తం కొండెక్కింది. దించడానికి మూడు రోజులు పట్టింది. తనూ ఒంటరివాడే అయిన మంద పెద్ద నిల్లా ఈ నవంబరులో ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

"అన్నా, ఈసారి కూత వినబడిందో, నువ్వు బండి ఎక్కేది లేదు. మంట దగ్గర కూర్చుని కాఫీ కాయి."

యాభై ఏళ్ళలో ఇస్సాత్ ఒక్క తోలకం తప్పలేదు. ఆ సాయంత్రం కాఫీలో జున్ను కూడా వేసుకోలేదు. అది రావ్నా చూసింది.

తెల్లవారాక అతను కట్టెలకు వెళ్ళగానే ఆమె నడుం బిగించింది. ఈ ఏటి ఆరు చక్రాలనూ మాయం కాకముందే మంచం కింద దాచేసింది మరి. పెరట్లో తోలు పరిచి, బండిని దాని మీదికి పక్కకు వొరిగించి, పట్టా వదులు చేసి, పానా పట్టి మొదటి బోల్టు విప్పింది.

చక్రం చేతిలోకి వచ్చింది. తుడిచి చూస్తే అంచున కత్తితో కోసిన గుర్తు. ఒక గంటు ఇటు, రెండు గంట్లు అటు. ఇస్సాత్ గుర్తు కాదు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ రెయిన్‌డీర్ దూడల చెవులకు పెట్టే గుర్తు వేరు. కప్పుల మీదా, గరిటెల మీదా, చక్రాల మీదా అదే కోసుకుంటారు. ఇది ఎల్లెది.

రెండోదీ ఎల్లెదే. మూడోది నిల్లాది. నాలుగూ, అయిదూ, ఆరూ నిల్లావే.

రావ్నా మంచులో చతికిలబడింది. పరాయి గుర్తు ఉన్నదాన్ని ఉంచుకోవడం కన్నా తలవంపుల పని అక్కడ లేదు. సరిగ్గా అప్పుడే నిల్లా తన బండి మీద తనిఖీకి దిగాడు, వెనకాలే ఇంకో బండి మీద ఎల్లె కూడా.

"వదినా! ఇది నా గుర్తు!" నిల్లా మొహం ఎర్రబడింది. "అన్న నా చక్రాలు దొంగిలించాడా?"

"అయ్యో, నావి కూడా!" అంది ఎల్లె.

రావ్నాకు మండింది. మొగుణ్ణి తిట్టే హక్కు తనది, వీళ్ళది కాదు. "చక్రాలు పోతే మీరు దేని మీద వచ్చారు? గాలి మీదా? మీ బండ్లు తిరగేయండి ముందు!"

తిరగేశారు. రెండు బండ్ల కిందా చక్రాలు నిగనిగలాడుతున్నాయి. ఏ గుర్తూ లేదు.

"ఇన్నేళ్ళుగా నీ బండి అరవడం లేదని అనుమానం రాలేదా నిల్లా?"

"నా బండే మంచిదనుకున్నా వదినా" అన్నాడు నిల్లా నేల చూపులు చూస్తూ.

అంతలో ఇస్సాత్ కట్టెలతో వచ్చి, తిరగబడ్డ మూడు బండ్లనూ చూసి, వెనక్కి తిరగబోయాడు. రావ్నా అతని చొక్కా పట్టుకుంది.

"కొత్తవి వేస్తానని అడిగితే వద్దంటారుగా! ఇద్దరికీ పంతం ఎక్కువ" అని గొణిగాడు. "కొండమీద చక్రం పట్టేసి ఆగిపోతే వీళ్ళకోసం ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళెవరు? నాకయితే నువ్వున్నావు. కూత ఆగితే వెతుక్కుంటూ వచ్చేస్తావు."

"నేనా? వినను కూడా వినను" అంది రావ్నా. మొహం మాత్రం తిప్పుకుంది.

నిల్లా మోకాళ్ళ మీద కూర్చుని ఆరు కొత్త చక్రాలూ తనే బిగించాడు. తోలకం రోజు ఇస్సాత్ అందరికన్నా ముందు, పిల్లి అడుగుల చప్పుడైనా లేకుండా సాగాడు. మంద మొత్తం బుద్ధిగా దొడ్డిలోకి నడిచింది.

ఆఖరి రెయిన్‌డీర్ లోపలికి వెళ్ళి వాకిలి మూశారో లేదో, కొండ మీదినుంచి మంచు మీద జారే స్కీ పలకల మీద ఎవరో దూసుకొచ్చారు. రావ్నా! టోపీ ఒక పక్క, నడుముకు వంటింటి గుడ్డ.

"బతికే ఉన్నావా!" అని ఇస్సాత్ మీద విరుచుకుపడింది. "పొద్దుట్నుంచీ చడీ చప్పుడూ లేదు! నేనేమనుకోవాలి? మూడుసార్లు కాఫీ మాడింది!"

అందరూ నవ్వారు. ఆమె నిల్లా వైపు తిరిగింది.

"మంద లోపలికి వచ్చేసింది కదా? పానా తియ్యి. పాత చక్రం ఒకటి మళ్ళీ బిగించు. ఒక్కటి చాలు. ఎల్లెది పెట్టు, దాని గొంతు దూరం వినబడుతుంది."