బ్యూలా టీచర్ గుమ్మం రూలు

సీతాఫల్‌మండిలో మా పై వాటాలో బ్యూలా టీచర్ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు నడుపుతారు. కింద కాపురం ఉండేది నేను. సాయంత్రమైతే చాలు, నా నెత్తిమీద బెంచీలు జరుగుతాయి, తలుపు చప్పుడవుతుంది, ఎవరో ఒకరు "మే ఐ కమిన్" అంటారు. ఆ తలుపు అన్నిసార్లు ఎందుకు కొడతారో తెలియక, మొదట్లో ఒళ్లు మండి పోట్లాడదామనే పైకి వెళ్లాను. ఆవిడ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. టీ తాగి, ఆ తలుపు సంగతేంటో విని కిందికొచ్చేశాను.

ఆవిడ క్లాసులో రూలు ఒకటే. తప్పు మాట్లాడితే తిట్టరు, ఎవరినీ నవ్వనివ్వరు. ఆ తప్పు చేసినవాళ్లు గుమ్మం బయటికి వెళ్లి, తలుపు కొట్టి, మళ్లీ లోపలికొచ్చి మొదటి నుంచి చెప్పాలి.

"బయటికి పోయొచ్చినంక పాత మాట లేనట్టే. ఇగ దాని గురించి ఎవ్వరూ మాట్లాడొద్దు," అంటారు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి, పద్ధతంటే పద్ధతే.

మా వీధి చివర టిఫిన్ సెంటర్ బుల్లబ్బాయిది. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడ్డాడు. అతని సంతానం దుర్గేష్ ఆ క్లాసులో చేరారు. దుర్గేష్ తనను మగా అనుకోరు, ఆడా అనుకోరు. కొత్తగా చేరిన ఆఫీసులో ఆ మాట చెప్పుకుంటే, అక్కడివాళ్లు 'హీ', 'షీ' మానేసి 'దే' అనడం మొదలుపెట్టారట. నేనూ ఇక్కడ 'చేరారు, అన్నారు' అనే రాస్తున్నాను. పెద్దవాళ్లకి పెట్టే మర్యాద చిన్నవాళ్లకి పెడితే నా సొమ్మేం పోయింది?

ఇంట్లో చెప్పిన రోజు నుంచి బుల్లబ్బాయి మాత్రం మాట్లాడటం మానేశాడు. వేడి దోసె ప్లేటులో వేసి, ముందుకు జరిపి, మొహం తిప్పుకునేవాడు. దుర్గేష్ హాస్టల్‌కి వెళ్లిపోదామని సంచి సర్దుకున్నారు.

క్లాసు చివరి రోజున పిల్లల ఇంటివాళ్లు వస్తారు. వాళ్ల ముందు టీచర్ ఒక్కొక్కరినీ ఇంగ్లీషులో పరిచయం చేస్తారు. ఆ రోజు తనను 'దే' అనమని దుర్గేష్ అడిగారు.

"నాన్న మీ మాటకి విలువిస్తారు టీచర్. ఆయన ముందు ఒక్కసారి వినాలనుంది. అది విని లేచి వెళ్లిపోతే, నేనూ ఇల్లు వదిలేస్తాను."

"నా నోరు అంత తొందరగ తిరగదు బిడ్డా. జెర టైమియ్యి," అన్నారు బ్యూలా టీచర్.

ఇక సాధన షురూ. ఆవిడ భర్త జకర్యా గారు ఉప్మా తింటుంటే, ఆయన్నే చూపిస్తూ 'దే ఆర్ ఈటింగ్' అన్నారట. ఇంకెవరొచ్చారా అని ఆయన వెనక్కి తిరిగి చూశారు. కూరల బండి అతనూ 'దే', పాలావిడా 'దే', చివరికి నేనూ 'దే'. ఆ వయసులో ఆవిడ పడిన పాట్లు చూస్తే నవ్వూ వచ్చింది, దండం పెట్టాలనీ అనిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. టీచర్ పిలిస్తే నేనూ పైకి వెళ్లాను. బుల్లబ్బాయి ఇస్త్రీ చొక్కాలో తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నాడు. దుర్గేష్ వంతు వచ్చింది. బ్యూలా టీచర్ పేరు చెప్పారు, గొంతు సవరించుకున్నారు, 'హీ' అనేశారు.

దుర్గేష్ తల దించుకున్నారు. టీచర్ ఏమీ సర్దిచెప్పలేదు. చీర కుచ్చెళ్లు పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లి తలుపు కొట్టారు.

"మే ఐ కమిన్?"

"అయ్యో, రండి టీచరు గారూ," అన్నాడు బుల్లబ్బాయి కంగారుగా. ఆవిడ లోపలికొచ్చి మొదటి నుంచి చెప్పారు. ఈసారి ప్రతి మాటలోనూ 'దే' వీధిలోకి వినిపించేంత గట్టిగా పలికింది. బుల్లబ్బాయి లేచి వెళ్లలేదు. అందరికీ పంచిన బిస్కెట్టు చేతిలోనే మెత్తబడుతున్నా కదలలేదు.

ఇంటివాళ్లు రెండు మాటలు మాట్లాడాలి. అతను లేచి నిలబడ్డాడు.

"మావాడు చిన్నప్పట్నుంచీ..." అని ఆగిపోయాడు. దుర్గేష్ వైపు చూశాడు. బిస్కెట్టు బెంచీ మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం బయటికి వెళ్లి తలుపు కొట్టాడు.

టీచర్ దుర్గేష్ వైపు చూసి తలూపారు.

"కమిన్ నాన్నా," అన్నారు దుర్గేష్. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

"మా దుర్గేష్ చిన్నప్పట్నుంచీ బాగా మాట్లాడతారండి," అన్నాడు బుల్లబ్బాయి. ఆ తర్వాత మాటలోనే మళ్లీ తప్పాడు, మళ్లీ బయటికి వెళ్లాడు. ఆ సాయంత్రం ఆ తలుపు ఎన్నిసార్లు చప్పుడైందో. నాకు ఒక్కసారి కూడా ఒళ్లు మండలేదు.