హాలండ్ చార్జి ఇచ్చి వెళ్లిన చాచా

శుక్రవారం పొద్దున పెద్దపల్లిలోని కాలేజీకి బస్సులో వెళ్తున్నాను. బసంత్‌నగర్ దాటగానే అమ్మ ఫోన్ చేసింది.

"వెనక వీధి చాచా పోయిండు బిడ్డా. తెల్లారంగ ఫజర్ నమాజు చదువుకొని మల్ల పండుకున్నడట. చాచీ చాయ్ తీసుకపోతే లేవలే."

తర్వాతి స్టాపులో దిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి గోదావరిఖని తిరిగి వచ్చాను. నిజం చెప్పాలంటే, దారిలో నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. 'అమ్మయ్య' అనిపించింది. మనిషి పోతే అమ్మయ్య ఏమిటని మీకు అనిపించవచ్చు. రెండు నెలల క్రితం ఈ కబురు వచ్చి ఉంటే, చాచాకూ నాకూ మాటలు లేని రోజుల్లో ఆయన వెళ్లిపోయినట్టయ్యేది. ఆ మాటలు ఆగిపోవడానికి కారణం నేనే.

చాచా బొగ్గు బాయిలో, అంటే గనిలో, పంపు నడిపేవారు. భూమి లోపల పని మొదలైతే నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని తోడుతూ ఉండకపోతే బాయి మునుగుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేసింది అదే పని. రిటైరయ్యాక ఆదివారం పొద్దున తన ఇంటి వరండాలో వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక దేశం గురించి చెప్పేవారు. ఒకే ఒక దేశం. ఎవరో పంపుల కంపెనీ మనిషి ఎప్పుడో ఇచ్చిన క్యాలెండర్లో గాలిమర బొమ్మ చూసి, అది నీళ్లు తోడే యంత్రమని తెలుసుకుని, అప్పటినుంచి ఆ దేశాన్ని వదల్లేదు. దాని పేరు నెదర్లాండ్స్ అని మాకు బడిలో తెలిసింది. చాచాకు మాత్రం అది హాలండే.

"చెరువు కట్ట ఎరుకనా?" అని మొదలుపెట్టేవారు. "కట్టకు ఇవతల నీళ్లు, అవతల పొలం. నీళ్లు మీద, పొలం కింద. హాలండ్ గట్లనే. ఇటు సముద్రం, నడుమ కట్ట, కట్ట కింద ఊర్లు, బడులు, ఆవులు. నీళ్లు ఊరుతనే ఉంటయి. మరి ఏం జెయ్యాలె?"

"తోడాలె!" అని మేమందరం అరిచేవాళ్లం.

"తోడుడు ఆగిందనుకో?"

"ఆవు మునిగింది!"

ఆ జవాబు ఆయనే నేర్పారు. తర్వాత ఆట. సగం మంది సముద్రం, కేకలు వేస్తూ తోసుకురావాలి. మిగతావాళ్లు చేతులు పట్టుకుని కట్టగా నిలబడాలి. ఒక్కరు పంపు. పంపుకు విరామం లేదు, చెయ్యి గిరగిరా తిప్పుతూనే ఉండాలి. నేను రెండో తరగతిలో పంపుగా ఉండి చెయ్యి నొప్పితో ఏడిస్తే, చాచా నా పక్కన కూర్చుని నా బదులు తన చెయ్యి తిప్పారు. నేను ఏడుపు ఆపాక కూడా తిప్పారు.

డిగ్రీలో చేరాక నాకు పుస్తకాల పిచ్చి పట్టింది. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో బెల్లంముక్కలా పెట్టుకుని తిరిగేదాన్ని. లైబ్రరీలో ఆ దేశం గురించి ఒక పుస్తకం దొరికింది. ఆ వారమే, ఎండాకాలం చివర్లో, పెద్దదాన్నయ్యానన్న ఉత్సాహంతో వరండాకు వెళ్లాను. చాచా నేల మీద సుద్దతో రెండు గాలిమరలు గీసి, మొదటి షిఫ్టులో ఇది తోడుతుంది, రెండో షిఫ్టులో అది తోడుతుంది అని చెప్తున్నారు. నేను ఆగలేకపోయాను.

"అట్ల కాదు చాచా. గాలిమరలు తోడుడు ఎప్పటి ముచ్చటో. ఇప్పుడన్నీ కరెంటు పంపులు, డీజిల్ పంపులు. గాలిమరలు చూసెటందుకే మిగిలినయి."

పిల్లలు నన్ను చూశారు, చాచాను చూశారు. ముందు వరసలోని ఒకడు, "అంటే చాచా ఇన్నొద్దులు ఉత్తదే చెప్పిండా?" అన్నాడు. అందరూ నవ్వారు. చాచా సుద్దముక్క కిటికీలో పెట్టి, "ఇయ్యాల గింతే" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం హాలండ్ లేదు. ఆ పై ఆదివారమూ లేదు. పిల్లలు మా ఇంటి ముందుకొచ్చి, "అక్కా, నీతోనే బంద్ అయింది" అనేవాళ్లు. చాచా ఇల్లు తగలకుండా ఇంకో వీధిలోంచి బస్టాండుకు పోవడం అలవాటు చేసుకున్నాను. క్షమాపణ ఎలా అడగాలో కాగితం మీద నాలుగుసార్లు రాసుకున్నాను. నాలుగూ చాలా అందంగా ఉన్నాయి, ఒక్కటీ చాచాతో అనగలిగేలా లేదు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు చాచీ మా ఇంటికే వచ్చింది.

"ఏం బేటీ, మా ఇంటి తొవ్వ మర్సిపోయినవా? ఆయన ప్రతి ఐతారం కుర్సీ ఏస్కొని కూసుంటుండు. 'పిల్ల రావాలె, చార్జి తీస్కోవాలె' అంటడు. పానం గూడ మంచిగ లేదు. జల్ది రా."

చెప్పులు సరిగా వేసుకోకుండానే వెళ్లాను. చాచా సన్నబడ్డారు. నన్ను చూడగానే గోడ గడియారం వైపు చూశారు.

"వచ్చినవా? మూడు నెల్లు డబల్ డ్యూటీ చేయించినవ్ గద పిల్లా."

"చాచా, నేను ఆరోజు పిల్లల ముంగట..."

"ఆగు. పంపు కాడ ఒక కాయిదా ఉంటది, రూలు. ఇను. నా షిఫ్టు అయిపోయినా నేను పంపు ఇడిసిపెట్టి రావద్దు. ఎనకోడు వచ్చి చార్జి తీసుకోవాలె. వాడు వచ్చినంక ముందు ఏం జేస్తడు? చెయ్యి పెట్టి చూస్తడు. 'బేరింగ్ కాలుతున్నది, నీళ్లు పెరిగినయి, ఏం జేసినవ్ ఇన్నిసేపు?' అని తిడ్తడు. తప్పు పట్టిండంటే డ్యూటీ ఎక్కిండన్నట్టు. నువ్వు తప్పు పట్టినవ్. నేను సుద్ద ఆడ పెట్టిన, తీస్కుంటవని. నువ్వేమో మాయమైతివి."

ఆయన అలిగారని నేను, నేను డ్యూటీ ఎగ్గొట్టానని ఆయన. ఇద్దరం మూడు నెలలు రెండు వీధుల్లో కూర్చున్నాం.

"చార్జి ఇచ్చేటప్పుడు ముందు ఖరాబు చెప్పాలె, మంచిది తర్వాత" అన్నారు చాచా. "ఒకటి, గాలిమర. అది నువ్వే పట్టినవ్. రెండోది, నేను హాలండ్ పోలే. పోరగాండ్లు నేను పోయిననుకుంటరు. నేను కాదనలే. అది పెద్ద తప్పు. నువ్వు చెప్పు వాళ్లకు. మూడోది, అక్కడ కట్ట ఎన్నడన్న తెగిందా?"

తెగిందని చెప్పాను. ఒకసారి తుపానులో కట్టలు తెగి చాలామంది చనిపోయారని, ఆ తర్వాత ఇంకా గట్టివి కట్టుకున్నారని చదివాను.

"నాకు అనుమానమే. పోరగాండ్లు భయపడ్తరని అడగలే ఎవర్నీ. గదీ చెప్పు."

అప్పుడు నేను పుస్తకంలో చదివి దాచుకున్న ఇంకో సంగతి చెప్పాను. ఆ దేశంలో కూడా ఒకవైపు బొగ్గు బాయిలు ఉండేవి. ఎప్పుడో మూసేశారు.

చాచా ముందుకు వంగారు. "మరి పంపులు?"

"బంద్ చేసిన్రు. నీళ్లు నిండినయి."

ఆయన పనిచేసిన బాయి కూడా మూతపడింది. ముప్పై ఏళ్లు తోడిన చోట ఇప్పుడు నీళ్లే.

"కానీ చాచా, లోతుల నీళ్లు వెచ్చగ ఉంటయి కదా. ఒక ఊర్లె ఆ నీళ్ల వేడితోని ఇండ్లు వెచ్చగ పెట్టుకుంటున్నరట, చలికాలం."

"మునిగిన బాయి నీళ్లతోనా?"

"అవును."

"ఏ చాచీ!" అని పొయ్యి దగ్గరున్న భార్యను పిల్లల్లాగే పిలిచారు. "ఇన్నవా? నీళ్లు పనికొస్తయంట!" ఆయన అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత కిటికీలోంచి సుద్ద తీసి నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాత ఆరు ఆదివారాలు నేను చెప్పాను, ఆయన వెనక కూర్చుని విన్నారు. ఊరికే వినలేదు. మొదటి రోజు నేను "సముద్రమట్టానికి దిగువన విలసిల్లే దేశం" అని మొదలుపెట్టాను.

"విలసిల్లుడు అంటే ఏందే?"

"అంటే... మంచిగ ఉండుడు చాచా."

"మరి మంచిగ ఉన్నదను. పోరగాండ్ల నెత్తి మీద గంప ఎందుకు పెడ్తున్నవ్?"

ఇప్పుడు ఇది రాస్తూ కూడా మూడు చోట్ల గంపలు దించాను.

చాచా హాలండ్ వెళ్లలేదని చెప్పిన రోజు నాకే భయం వేసింది. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఆయన చెయ్యెత్తి, "నిజమే, పోలే" అన్నారు. ముందు వరసవాడు ఆలోచించి, "పోకుంటనే గంత తెలిసిందా?" అన్నాడు. ఆ రోజు చాచా పిల్లలందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచారు. అక్కడి పిల్లలకు ఈత నేర్పేటప్పుడు బట్టలు, బూట్లతోనే నీళ్లలో దింపుతారని నేను చెప్తే, "కాలువల పడేటోడు బట్టలిప్పి పడ్తడా మరి" అని ఆ దేశాన్ని మెచ్చుకున్నారు.

అందుకే, ఆ శుక్రవారం మట్టి చేసి మగవాళ్లు కబ్రస్తాన్ నుంచి తిరిగొచ్చేదాకా నేను చాచీ పక్కన కూర్చున్నప్పుడు, నా లోపల చెప్పకుండా మిగిలిపోయిన మాట ఒక్కటీ లేదు. ఏడిచాను. కానీ ఆ ఏడుపులో ముల్లు లేదు.

మొన్న ఆదివారం చెప్పాలా వద్దా అని చాచీని అడిగాను. "పోరగాండ్లు వచ్చి కూసున్నరు గద" అంది. చెప్పాను. అక్కడ రాత్రిపూట పంపు దగ్గర ఎవరుంటారని ఒక చిన్నమ్మాయి అడిగింది. నాకు తెలియదని, తెలుసుకుని చెప్తానని అన్నాను.

పిల్లలు వెళ్లాక వాన పట్టుకుంది. జల్లు వరండాలోకి కొట్టి, నేల మీద నేను గీసిన సముద్రం వైపు నీళ్లు నిలిచాయి. నెమ్మదిగా కట్ట అని గీసిన సుద్ద గీత దాకా వస్తున్నాయి. అవతల పిల్లలు గీసిన ఇళ్లు, సైకిళ్లు ఉన్నాయి. నేను చీపురు కోసం లేచేలోపే చాచీ లోపల్నుంచి పాత గుడ్డ పట్టుకుని వచ్చింది. కింద కూర్చుని, ఇళ్లకు తగలకుండా నీళ్లు అద్ది, మెట్ల బయట పిండింది. జల్లు మళ్లీ కొట్టింది. చాచీ మళ్లీ అద్దింది, మళ్లీ పిండింది.