నా తెలుగు చదివినవాళ్లు

ఈ రోజు నా తెలుగును శ్రద్ధగా చదివిన ఇద్దరు మనుషులు కనిపించారు.

పొద్దున సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వాళ్లు ఒకతన్ని మోసుకొచ్చారు. ముగ్గురూ కరీంనగర్ వైపు తాపీ పనివాళ్లే. అతనికి స్పృహ లేదు. చొక్కా నిండా మజ్జిగ. ఊళ్లో కల్లు ఎక్కువైతే పట్టినట్టు ఇక్కడా పట్టించారట.

"ఏం మింగాడు?" అని అడిగాను.

"ఏం మింగలే సిస్టర్. ఎండదెబ్బ."

"తమ్ముడూ, నేను పోలీసును కాదు. లేబర్ క్యాంపులో అమ్మే ఆ మత్తు బిళ్లలేనా? చెబితేనే డాక్టరు సరైన మందు ఇస్తాడు."

మోసుకొచ్చినవాళ్లలో ఒకతను గోడ మీది పోస్టర్ చూపించాడు. "గోలీలు మింగితే జైల్ల ఏసి ఇంటికి పంపుతరని రాసున్నది గదా. మా క్యాంపుల గూడ గిదే అంటించిన్రు, మన తెలుగేనని అందరికి మేమిద్దరమే చదివి చెప్పినం. గందుకే నిన్నటిసంది తీస్కరాలే."

ఆ తెలుగు నాదే. మనవాళ్లకు అరబ్బీ రాదు, తెలుగులోనూ పెట్టండని పోయిన నెల పోరింది కూడా నేనే. ఆఫీసువాళ్లు ఇచ్చిన మాటల్ని పొల్లుపోకుండా పెద్ద అక్షరాల్లో రాశాను. 'వెంటనే తీసుకురండి' అన్న మాట వాళ్లు ఇవ్వలేదు, నేను అడగలేదు.

మధ్యాహ్నానికి ఆ స్పృహ లేనతను చనిపోయాడు. సాయంత్రం ఆ పోస్టర్ తీసేయమని ఆసుపత్రి మేనేజరును అడిగాను. జనం చదువుతున్నారా అని ఆయన సంతోషపడి, మిగతా క్యాంపులన్నిటికీ కాపీలు వేయిస్తున్నాడు.

మీరైతే ఆ గోడ మీద ఏం రాసేవారో చెప్పండి. నా తెలుగు బాగుందని మాత్రం అనకండి.